మిద్దె మీద ఆరు ఆదివారాలు: వీరుడి విచారణ, వీధిలో జనం

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో ఒక మందుల దుకాణం పైనున్న మిద్దె గదిలో ఆరు ఆదివారాల పాటు జరిగిన చదువు తరగతికి నేను డబ్బు కట్టి వెళ్లాను. ప్రతివారం పొద్దున్నే కావలిలో బస్సెక్కి, మధ్యాహ్నం భోజనం వేళ దాటాక ఇల్లు చేరేవాణ్ణి. రుసుము 900 రూపాయలు. చదవవలసిన కాగితాలన్నీ కుట్టి ఇచ్చిన పుస్తకానికి వేరుగా 150. తరగతి నడిపేది ఒక విశ్రాంత న్యాయవాది. బోర్డు లేదు, ప్రకటనలు లేవు. ఒకరు చెబితే మరొకరికి తెలియడమే. విడతకు ఒక విషయం చొప్పున తీసుకుంటారు. ఒక జాతి తన వీరుడని చెప్పుకొనే సైనికుడు యుద్ధ నేరాల బోనులో నిలబడినప్పుడు బయట జనం ఏమంటారు, ఎందుకంటారు అన్నది ఈ విడత విషయం. తర్వాతి విడతలో చేరదలచుకున్నవారికి పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. మెచ్చుకోవలసినవి ఎక్కువే ఉన్నాయి, కాని ఒక లోపం మాత్రం చిన్నది కాదు.

మొదటి ఆదివారం గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. యుగోస్లావియా యుద్ధాల్లో జరిగిన నేరాల కోసం 1993లో భద్రతా మండలి హేగ్ నగరంలో ప్రత్యేక న్యాయస్థానం నెలకొల్పడం, 2017 డిసెంబరు 31న మూతపడేలోగా అది 161 మందిపై అభియోగాలు మోపడం, యుద్ధ నేరానికీ మానవాళిపై నేరానికీ ఉన్న తేడా: ఇవన్నీ ఎక్కడైనా దొరికే సంగతులే. లాయరు గారి గొంతు మెత్తనిది, పంకా చప్పుడు గట్టిది. వెనక వరసలో కూర్చున్న మాకు సగమే వినపడింది. ఆ రోజుతోనే మానేసిన ఇద్దరు విద్యార్థులు తొందరపడ్డారని రెండో వారానికి నాకు తెలిసింది.

రెండో వారం ఆయన పద్ధతి బయటపడింది. కేసు కాగితాలు చేతికివ్వకముందే ఒక్కొక్కరికి ఒక కవరు, ఒక తెల్ల కాగితం ఇచ్చి అయిదు నిమిషాల్లో కథ చెప్పారు. మీ ఊరు నాలుగేళ్లుగా పగవాడి చేతిలో ఉంది. మీ ఇల్లు కాలిపోయింది. మీరు పరాయి ఊళ్లో తలదాచుకుంటున్నారు. ఒక సైన్యాధికారి నాలుగు రోజుల్లో ఊరు విడిపించి మిమ్మల్ని ఇంటికి చేర్చాడు. కొన్నేళ్లకు వేరే దేశంలోని కోర్టు అతణ్ణి నేరస్థుడంటోంది. మీరేమంటారో రెండు వాక్యాల్లో రాసి కవరు అంటించమన్నారు. మేము ఇరవై మందిమీ కవర్లు అంటించి ఇచ్చాం. కవర్లు బీరువాలో పెట్టి తాళం వేసి, ఆరో ఆదివారం తిరిగి ఇస్తామన్నారు. ఇదేదో పిల్లల ఆట అనుకున్నాను. డబ్బు ఇచ్చింది దీనికేనా అని కూడా అనుకున్నాను.

ఆ అధికారి జనరల్ ఆంటె గొటొవినా, క్రొయేషియా సైన్యంలో స్ప్లిట్ సైనిక మండలానికి అధిపతి. 1991లో క్రొయేషియా యుగోస్లావియా నుంచి విడిపోతున్నప్పుడు, అక్కడి సెర్బు జాతి తిరుగుబాటుదారులు బెల్‌గ్రేడ్‌లోని యుగోస్లావియా సైన్యం అండతో దేశంలో మూడో వంతుకు దగ్గరగా నేలను చేతిలోకి తీసుకొని, క్రయినా పేరుతో వేరు పాలన ప్రకటించుకొని, ఆ ప్రాంతపు క్రొయేషియన్లను వెళ్లగొట్టారు. 1995 ఆగస్టు 4న క్రొయేషియా సైన్యం దాన్ని తిరిగి పట్టుకోవడానికి దిగింది. ఆ చర్యకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఒలూయా’, అంటే తుఫాను. ఆ మాట వినగానే గదిలో కొందరు నవ్వారు. కోస్తాలో పుట్టినవాళ్లం, తుఫాను పేరుతో పండుగ చేసుకోవడం మన ఊహకు అందేది కాదు. మర్నాడే క్రయినా ముఖ్యపట్టణం క్నిన్ వాళ్ల వశమైంది. ఆగస్టు 5 అక్కడ నేటికీ విజయ దినం, జాతీయ సెలవు. అవే రోజుల్లో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది సెర్బులు ట్రాక్టర్లలోనూ కార్లలోనూ పిల్లాజెల్లాతో ఆ నేల విడిచిపోయారు. కదలలేక ఇళ్లలోనే ఉండిపోయిన ముసలివాళ్లతో సహా వందల మంది పౌరులు ఆ రోజుల్లోనూ తర్వాతి వారాల్లోనూ హతమయ్యారు. వేల ఇళ్లు దోపిడీకి గురై తగలబడ్డాయి.

లాయరు గారు ఈ కేసును కోర్టు గదిలో నుంచి చెప్పలేదు, వీధిలో నుంచి చెప్పారు. ఈ తరగతిలో నాకు మొదట నచ్చింది ఇదే. గొటొవినా కన్నా ముందు, 2001 ఫిబ్రవరిలో, మిర్కొ నొరాట్స్ అనే మరో అధికారిని స్వదేశపు న్యాయస్థానమే విచారణకు పిలిస్తే, స్ప్లిట్ నగరంలో లక్షకు పైగా జనం గుమిగూడి ‘మేమందరం మిర్కొ నొరాట్స్‌లమే’ అన్నారు. 2003లో క్రొయేషియా కోర్టే అతనికి 12 ఏళ్ల శిక్ష వేసింది. 2001 జులైలో గొటొవినాపై హేగ్ అభియోగం బయటికి వచ్చి, ప్రధాని ఇవిత్సా రాచన్ అప్పగింతకు సిద్ధపడగానే భాగస్వామ్య పక్షానికి చెందిన నలుగురు మంత్రులు రాజీనామా చేశారు. గొటొవినా మాయమయ్యాడు. నాలుగేళ్లకు పైగా అతను దొరకలేదు. అతని బొమ్మ మాత్రం దేశమంతటా రోడ్ల పక్కన కనపడుతూనే ఉంది, దాని కింద ‘వీరుడు, నేరస్థుడు కాడు’ అన్న రాతతో. అతణ్ణి అప్పగించడంలో సహకారం చాలలేదన్న కారణంతో యూరోపియన్ యూనియన్ 2005 మార్చిలో మొదలుపెట్టవలసిన చేరిక చర్చలను వాయిదా వేసింది. అక్టోబరు 3న చర్చలు మొదలయ్యాయి. డిసెంబరు 7న స్పెయిన్ ఏలుబడిలోని టెనెరిఫె దీవిలో భోజనశాలలో కూర్చొని ఉండగా అతణ్ణి పట్టుకున్నారు. ఆ వారంలోనే స్ప్లిట్ వీధుల్లో మళ్లీ వేల మంది.

ఈ వరస చెప్పి ఆయన ఒక ప్రశ్న అడిగారు. ఒక మనిషి కోసం మొత్తం దేశపు భవిష్యత్తు ఆగిపోయింది కదా, అయినా జనం అతని మీద కోపగించుకోలేదేం? ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలున్న ఒక రైతు వెంటనే, “ఆయన్ని ఒప్పుకుంటే వాళ్ల ఇల్లు వాళ్లకు వచ్చిన తీరే తప్పని ఒప్పుకున్నట్టు కదా సార్. ఎవరొప్పుకుంటారు?” అన్నాడు. పుస్తకంలో పది పేజీల్లో ఉన్న విశ్లేషణ కన్నా ఈ జవాబు సూటిగా ఉంది. 2011 ఏప్రిల్ 15న తీర్పు చెప్పిన మొదటి ధర్మాసనం సరిగ్గా ఆ మాటే అన్నది. క్రయినా నుంచి సెర్బు జనాన్ని శాశ్వతంగా తొలగించడానికి ఉమ్మడి నేర పథకం ఒకటి నడిచిందనీ, దేశాధ్యక్షుడు ఫ్రాన్యొ టుజ్మన్ అందులో ముఖ్యుడనీ, గొటొవినా అందులో భాగస్వామి అనీ తేల్చింది. టుజ్మన్ 1999లోనే మరణించాడు. తొమ్మిది అభియోగాల్లో ఎనిమిదింటి కింద గొటొవినాకు 24 ఏళ్లు, ప్రత్యేక పోలీసు దళాల అధిపతి మ్లాడెన్ మార్కచ్‌కు 18 ఏళ్లు శిక్ష పడింది. క్నిన్ దండు అధిపతిగా ఉన్న ఇవాన్ చెర్మాక్ నిర్దోషిగా బయటపడ్డాడు. రాజధాని జాగ్రెబ్‌లోని యెలాచిచ్ చౌకులో పెద్ద తెర మీద ఆ తీర్పు చూస్తున్న వేల మందిలో కొందరు ఏడ్చారు, కొందరు కేకలు వేశారు. ప్రధాని యద్రంకా కొసొర్ ఉమ్మడి నేర పథకం అన్న మాట తమకు ఆమోదయోగ్యం కాదని ప్రకటించారు.

2012 నవంబరు 16న అదే చౌకు, అదే తెర, అంతకన్నా పెద్ద జనం. అప్పీలు ధర్మాసనం ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా చీలి, గొటొవినా, మార్కచ్‌లను నిర్దోషులని ప్రకటించింది. ప్రభుత్వ విమానం హేగ్ వెళ్లి వాళ్లను తెచ్చింది. గొటొవినా చౌకులో మైకు ముందు నిలబడి యుద్ధం ఇక చరిత్ర, భవిష్యత్తు వైపు చూద్దామన్న అర్థంలో క్లుప్తంగా మాట్లాడాడు. గుంపులో ఎందరు ఆ మాట వినడానికి వచ్చారో చెప్పలేం.

పుస్తకంలో ఈ రెండు రోజుల ఫొటోలు ఎదురెదురు పేజీల్లో వేశారు. తరగతి మొత్తంలో నా మనసులో నిలిచినవి ఆ రెండు పేజీలు. మనుషుల ముఖాల్లో దుఃఖం పోయి ఆనందం వచ్చింది. జెండాలు అవే, చౌకు అదే. ఈ రెండు తేదీల మధ్య ఏమి మారిందని లాయరు గారు అడిగితే, కొత్త సాక్షులు వచ్చారని ఒకరు, ఒత్తిడి వచ్చిందని ఒకరు అన్నారు. నిజానికి మారింది సాక్ష్యం కాదు, ఒక కొలత. క్నిన్, బెంకొవత్స్, ఒబ్రొవత్స్, గ్రచత్స్ పట్టణాల మీద పడ్డ ఫిరంగి గుండ్లలో, సైనిక లక్ష్యానికి 200 మీటర్లకు మించిన దూరంలో పడినవాటిని పౌరుల మీదికి కావాలని పేల్చినవిగా మొదటి ధర్మాసనం లెక్కించింది. ఆ 200 మీటర్ల కొలతకు సాక్ష్యంలో ఆధారం లేదని అప్పీలు ధర్మాసనం అన్నది. ఆ కొలత తొలగితే చట్టవిరుద్ధమైన గుండ్లవర్షం అన్న నిర్ధారణ నిలవలేదు. అది నిలవకపోతే ఉమ్మడి నేర పథకమూ నిలవదని అధ్యక్ష న్యాయమూర్తి థియొడర్ మెరాన్‌తో సహా ముగ్గురు తీర్మానించారు. కార్మెల్ ఏజియస్, ఫాస్టొ పొకార్ గట్టిగా విభేదించారు.

ఇక్కడ తరగతికి లాయరు గారి కన్నా ఎక్కువ ఉపకారం చేసింది మాతో కూర్చున్న ఒక విశ్రాంత సుబేదారు. గిద్దలూరు వైపు మనిషి, ఫిరంగి దళంలో పనిచేసి వచ్చి నెల్లూరులో స్థిరపడ్డారు. నల్లబల్ల దగ్గరికి వెళ్లి సుద్దముక్కతో కోడిగుడ్డు ఆకారం ఒకటి గీశారు. ఒకే ఫిరంగి, ఒకే గురి, ఒకే మందు అయినా గుండ్లన్నీ ఒకే చుక్క మీద పడవనీ, గురి చుట్టూ ఈ గుడ్డు ఆకారంలో చెదిరిపోతాయనీ, పక్కలకు తక్కువ, ముందువెనకలకు ఎక్కువగా చెదురుతాయనీ చెప్పారు. దూరం పెరిగేకొద్దీ ఈ గుడ్డు పెద్దదవుతుంది. గాలి, మందు వేడి, గొట్టం అరుగుదల అన్నీ దాన్ని మారుస్తాయి. గొట్టపు ఫిరంగికి ఒక లెక్క, రాకెట్లకు పూర్తిగా వేరే లెక్క. “అందుకని ఒకే 200 అని గీత గీస్తే నేనొప్పుకోను. అట్లని గీతే వద్దంటే కూడా నేనొప్పుకోను. ఊళ్లో జనం ఉండారని తెలిసి కొట్టినప్పుడు ఏ గన్ను వాడినామో, ఎవరు వాడమన్నారో అడగాల గదా,” అన్నారు. గది నిశ్శబ్దమైపోయింది. న్యాయశాస్త్రం చదివే అమ్మాయి ఒకరు ఆ గుడ్డు బొమ్మను తన పుస్తకంలో ఎక్కించుకోవడం చూశాను, నేనూ ఎక్కించుకున్నాను.

నా అభిప్రాయం కూడా అప్పుడే కొంత మారింది. నిర్దోషి అన్న మాటకు చౌకులోని జనం ‘అక్కడ ఏమీ జరగలేదు’ అని అర్థం చెప్పుకున్నారు. కోర్టు అన్నది అది కాదు. ఇళ్లు కాలలేదని కాని, మనుషులు చావలేదని కాని అప్పీలు తీర్పు చెప్పలేదు. వాటికి ఈ ఇద్దరిని బాధ్యులను చేసే దారి నిలవలేదని చెప్పింది. ఈ తేడాను లాయరు గారు రెండుసార్లు చెప్పారు, మూడోసారి చెప్పినా నేను విసుక్కునేవాణ్ణి కాదు. విడుదలయ్యాక జనరల్ గారు రాజకీయాల్లో పెద్ద పదవికి పోకుండా జాదర్ తీరంలో ట్యూనా చేపల పెంపకం పెట్టుకున్నాడని తెలిసినప్పుడు మాత్రం రొయ్యల రైతుకు పట్టలేనంత ఆసక్తి కలిగి, మేత ఏమిటి, ఎగుమతి ఎక్కడికి అని పది నిమిషాలు తరగతిని అటు లాక్కుపోయాడు. లాయరు గారు ఆపలేదు. ఆపవలసింది.

ఆపవలసింది అని ఎందుకంటున్నానంటే, ఆ పది నిమిషాలు వెళ్లవలసిన చోటు వేరే ఉంది. మొదట్లో చెప్పిన లోపం ఇదే. 84 పేజీల పుస్తకంలో క్రయినా నుంచి వెళ్లిపోయిన సెర్బులకు దక్కింది ఒకటిన్నర పేజీ. వారివొదె అనే పల్లెలో యుద్ధం ముగిసిన తర్వాత, 1995 సెప్టెంబరు 28న, తొమ్మిది మంది సెర్బు వృద్ధులను కాల్చి చంపారు. ఆ సంగతికి ఇచ్చింది ఒక్క వాక్యం. నేను అడిగితే, మన విషయం జనస్పందన, నేరం కాదు కదా అన్నారు లాయరు గారు. ఈ జవాబు నాకు సరిపోలేదు. ట్రాక్టర్ల మీద వెళ్లినవాళ్లు జనం కారా? వాళ్లకూ స్పందన ఉంది. 2012లో సెర్బియా అధ్యక్షుడు తొమిస్లావ్ నికొలిచ్ ఇది న్యాయపరమైన తీర్పు కాదు, రాజకీయ తీర్పు అన్నాడు. బెల్‌గ్రేడ్ పత్రికలు ఆ రోజు ఏమి రాశాయో, తిరిగి క్నిన్ వెళ్లి పాత ఇంట్లో బతుకుతున్న ముసలాయన ఏమనుకున్నాడో కొంతైనా చూపించి ఉంటే, చౌకు ఫొటో పక్కన మూడో ఫొటో ఒకటి చేరేది. అదీగాక అక్కడి స్పందన గడ్డకట్టి ఉండిపోలేదు. 2020 ఆగస్టు 5న క్నిన్ విజయోత్సవానికి క్రొయేషియా ఉపప్రధానుల్లో ఒకరైన సెర్బు నాయకుడు బొరిస్ మిలొషెవిచ్ హాజరయ్యాడు. అదే నెల 25న గ్రుబొరి అనే పల్లెలో హతులైన సెర్బు వృద్ధుల సంస్మరణకు దేశాధ్యక్షుడు జొరాన్ మిలనొవిచ్ వెళ్లాడు. పాతికేళ్లు పట్టింది. ఈ రెండు సంగతులూ పుస్తకంలో లేవు. లాయరు గారు వాటిని నోటితో చెప్పారు, అదీ తరగతి ముగిశాక చెప్పులు తొడుక్కుంటూ.

నాలుగో ఆదివారం మాత్రం డబ్బు మొత్తానికీ సరిపోయేంత పాఠం చెప్పారు. ఆ రోజు హేగ్ నుంచి ఎర్రకోటకు వచ్చాం. 1945 నవంబరు 5న ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, ప్రేమ్ కుమార్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌ల విచారణ ఎర్రకోటలో మొదలైంది. మాలో అందరికీ తెలిసిన కథ. భూలాభాయి దేశాయి వాదన, తేజ్ బహదూర్ సప్రూ, నెహ్రూ రక్షణ పక్షాన చేరడం, ‘లాల్ కిలే సే ఆయీ ఆవాజ్’ నినాదం, నవంబరులో కలకత్తాలో విద్యార్థుల ఊరేగింపు మీద పోలీసు కాల్పులు: లాయరు గారు అడగకుండానే తలా ఒకటి చెప్పాం. డిసెంబరు 31న ముగ్గురికీ ద్వీపాంతరవాస శిక్ష పడిందనీ, 1946 జనవరి 3న సేనాధిపతి ఆకిన్‌లెక్ దాన్ని రద్దు చేశాడనీ కూడా చెప్పగలిగాం. అప్పుడాయన పుస్తకంలో 51వ పేజీ తీయమన్నారు. అది అభియోగ పత్రం. చక్రవర్తి మీద యుద్ధం చేశారన్నది మొదటిది, అది తెలిసిందే. దాని కింద హత్య, హత్యకు ప్రేరణ అన్న అభియోగాలు ఉన్నాయి. ఫౌజ్ విడిచి పారిపోవాలని చూశారన్న నేరం మీద కాల్చి చంపిన సిపాయిల గురించి అవి. వాటిలో ముహమ్మద్ హుస్సేన్ అనే సిపాయి చావుకు ప్రేరణ ఇచ్చినట్టు షా నవాజ్ మీద రుజువైందని సైనిక న్యాయస్థానం తేల్చింది. మిగిలిన ఇద్దరిపై హత్యకు సంబంధించిన అభియోగాలు నిలవలేదు.

సంతపేటలో బడిపంతులమ్మగా ముప్పై ఏళ్లు పనిచేసిన ఒకావిడ పేజీ మీద వేలు పెట్టి, “ఈ పాఠం నేను ఎన్ని క్లాసులకు చెప్పినానో లెక్కలేదు. ఈ ముహమ్మద్ హుస్సేన్ పేరు ఒక్కసారి కూడా చూడలేదండీ,” అన్నారు. ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడ లాయరు గారు తెలివిగా రెండు జాగ్రత్తలు చెప్పారు, ఆ రెంటితోనూ నేను ఏకీభవిస్తాను. ఎర్రకోటలో తీర్పు చెప్పినవాళ్లు పాలించే సైన్యపు అధికారులు. బానిస దేశం పాలకుడి మీద యుద్ధం చేయడం నేరమా అన్న ప్రశ్నకు వాళ్లు తటస్థులు కారు. ఆ ప్రశ్న మీద వీధిలోకి వచ్చిన జనం కోర్టు కన్నా న్యాయంగా ఆలోచించారు. హేగ్‌ను ఎర్రకోటతో సమానం చేసి, రెండూ పరాయి కోర్టులే అనడం సోమరితనం. ఇది మొదటి జాగ్రత్త. రెండోది ఇంకా ముఖ్యం. మొదటి విచారణ తర్వాత ప్రభుత్వం వెనక్కి తగ్గి, తోటి సైనికుల పట్ల క్రూరంగా ప్రవర్తించారన్న ఆరోపణ ఉన్నవారినే విచారిస్తామన్నది. 1946 ఫిబ్రవరిలో కెప్టెన్ అబ్దుల్ రషీద్‌కు అటువంటి అభియోగం మీద ఏడేళ్ల శిక్ష పడింది. కలకత్తా మళ్లీ మూడు నాలుగు రోజులు మండింది. కాంగ్రెసు, లీగు, కమ్యూనిస్టు జెండాలు ఒకే ఊరేగింపులో కనపడ్డాయి. అభియోగం మారింది, నినాదం మారలేదు. హింస పడ్డామని సాక్ష్యం చెప్పిన సిపాయిలూ భారతీయులే, వాళ్ల పక్షాన ఒక్క ఊరేగింపూ జరగలేదు. జనం అభియోగ పత్రం చదవరు అని వెక్కిరించడం సులువు. కాని సామ్రాజ్యం ఎదుట నిలబడి, మా వాళ్లలో కొందరు మా వాళ్లనే హింసించారు అని చెప్పగలిగే తీరిక 1946లో ఎవరికుంది? నాకు ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు, తరగతిలోనూ దొరకలేదు. ఇటువంటి ప్రశ్నను చేతిలో పెట్టి పంపించినందుకే నేను ఈ తరగతిని ఇతరులకు చెబుతున్నాను.

అయిదో ఆదివారం మమ్మల్ని రెండు జట్లు చేసి వాదించమన్నారు. గట్టి గొంతున్నవాళ్లు గెలిచారు. ఆరో ఆదివారం ఆయన చేసిన తప్పు పెళ్లిభోజనంలో చివరి వరసకు వడ్డించేవాళ్లు చేసే తప్పు, ఉన్నదంతా ఒక్కసారే ఆకులో వేయడం. కొసొవో ప్రధానిగా ఉండగా 2005లో అభియోగం రాగానే రాజీనామా చేసి హేగ్ వెళ్లి, 2008లో ఒకసారి, మళ్లీ విచారణ జరిగి 2012 నవంబరు 29న మరోసారి నిర్దోషిగా తిరిగివచ్చిన రముష్ హరదినాయ్. 2011 మేలో పట్టుబడి 2017లో జీవిత ఖైదు పడి, హేగ్ న్యాయస్థానం మూతపడ్డాక దాని పని అందుకున్న సంస్థ 2021 జూన్‌లో ఆ శిక్ష ఖరారు చేసినా బెల్‌గ్రేడ్ గోడ మీద బొమ్మగా వెలసిన బోస్నియా సెర్బు సేనాధిపతి రట్కొ మ్లాడిచ్. 2020లో కొసొవో అధ్యక్ష పదవి వదులుకొని 2023 ఏప్రిల్ 3న హేగ్‌లోనే ఉన్న వేరొక కోర్టులో, కొసొవో ప్రత్యేక న్యాయస్థానంలో, విచారణకు నిలబడ్డ హాషిం థాచి. ఈ ముగ్గురినీ గంటన్నరలో ముగించారు. మ్లాడిచ్ బొమ్మ కథ ఒక్కటే ఒక ఆదివారానికి సరిపోతుంది. 2021లో దాని మీద గుడ్లు విసిరినవాళ్లూ ఆ నగరం వాళ్లే, దాన్ని కడగనివ్వనివాళ్లూ ఆ నగరం వాళ్లే.

సౌకర్యాల మాట. కుర్చీలు ప్లాస్టిక్‌వి, మూడు గంటలు కూర్చోవడానికి అనువుగా లేవు. మరుగుదొడ్డి కింద, దుకాణం వెనక. తాళం చెవి అడిగి తీసుకోవాలి. మెట్లు నిటారు, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. పదకొండున్నరకు ఇచ్చే టీ బాగుంటుంది, దానితో ఇచ్చే కారప్పూస ఇంకా బాగుంటుంది, ఖర్చు రుసుములోనే. పుస్తకం అచ్చు తేటగా ఉన్నా పేర్ల విషయంలో అశ్రద్ధ కనపడుతుంది: ఒకే మనిషి గొటొవినా, గోటోవిన, గోతొవీనా అని మూడు రకాలుగా ఉన్నాడు, పరీక్ష రాసే విద్యార్థులు ముగ్గురనుకుంటే వాళ్ల తప్పు కాదు. అన్నిటికన్నా వింత, కేసు మొత్తం 200 మీటర్ల చుట్టూ తిరుగుతుంటే పుస్తకంలోని పటానికి కొలత వేయలేదు. అయిదుకు మూడున్నర ఇస్తాను. వారివొదెకు నాలుగు పేజీలు ఇచ్చి ఉంటే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి.

చివరి అరగంటలో కవర్లు తిరిగి ఇచ్చారు. ఇరవైలో పదిహేడు దాదాపు ఒకే మాట అన్నాయి. నాది కూడా ఆ పదిహేడులోదే: “అతణ్ణి అప్పగించకూడదు. మన ఇల్లు మనకు ఇప్పించినవాణ్ణి తప్పు పట్టడానికి వాళ్లెవరు?” చేతిరాత నాదే అయినా చదువుతుంటే స్ప్లిట్ వీధిలో నిలబడ్డట్టే ఉంది. సుబేదారు గారి కాగితం తెల్లగా ఉంది. ఎందుకు రాయలేదని అడిగితే, ఆర్డరు ఎవరిచ్చారో చెప్పకుండా రాయమంటే ఏం రాసేదని ఎదురడిగారు.

తర్వాతి విడత సంక్రాంతి దాటాక ఉంటుందని, విషయం ఇంకా ఖాయం కాలేదని చెప్పారు. వెళ్లేముందు పటం సంగతి అడిగాను. లాయరు గారు నా పుస్తకం తీసుకొని, అంగుళానికి ఎన్ని కిలోమీటర్లో లెక్కగట్టి పెన్సిలుతో మూలన రాసి, మరి 200 మీటర్లు ఎంతని నేనడిగితే, క్నిన్ మీద పెన్సిలు మొన ఆనించి తీశారు. ఆ చుక్క కూడా కొంచెం పెద్దదేనన్నారు. వచ్చే విడతలో ఈ కేసు మళ్లీ చెబితే క్నిన్ పట్టణపు పటం విడిగా అచ్చు వేయిస్తామన్నారు. వేయిస్తే పుస్తకానికి 150 రూపాయలు తక్కువే.